వెలితి డబ్బా

ఈ దేశంలో ఖర్జూరపు చెట్టు లేని చోటు ఎక్కడైనా ఉంటే ఎవరైనా చెప్పండి, రేపే అక్కడికి మకాం మార్చేస్తాను. రోడ్డు మధ్యలో చెట్లు, మసీదు ముందు చెట్లు, బ్యాంకు ముందు చెట్లు, ఆఖరికి మా బిల్డింగు చెత్తడబ్బాల పక్కన కూడా రెండు చెట్లు. ఏడాదిలో పదకొండు నెలలు నేను వాటి జోలికి పోను, అవి నా జోలికి రావు. ఆగస్టు వచ్చి, సముద్రం మీదనుంచి ఆ జిగట గాలి మొదలై, గెలలు పండి, పండ్లు రాలి, సిమెంటు మీద పులిసి, వాసన లేచిందంటే మాత్రం ఇక నేను మనిషిని కాను.

నేను ఈ కువైట్‌లో, మహబూలాలో నలభై మందికి కారియర్లు కడతాను. అందరూ కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చి ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది చొప్పున ఉంటున్న మగపిల్లలు. నా వంటంతా ముక్కుతోనే. పోపు వేగిందో లేదో చూడను, వాసన చెబుతుంది. చింతపండు చాలిందో లేదో నాలుక మీద వేసుకోను, వాసన చెబుతుంది. అటువంటి ముక్కు ఆ ఒక్క నెలా నన్ను నట్టేట ముంచుతుంది. పప్పులో ఉప్పు లేదని, పులుసులో రెండుసార్లు ఉప్పు పడిందని రోజూ ఫోన్లు. ఆంటీకి ఒంట్లో బాగాలేదేమో అని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం కూడా విన్నాను. ఒంటికేమీ కాలేదు నాయనా, చెట్టుకు కాయ కాసింది, అంతే అని చెప్పుకోవడానికి కూడా సిగ్గు.

పోయిన వారం సంగతి. బకాలా కొట్టు నుంచి ఉల్లిగడ్డల సంచి మోసుకుని వస్తున్నాను. ఆ రెండు చెట్ల కిందికి వచ్చేసరికి గుండె దడదడ మొదలైంది. ఊపిరి సగంలో ఆగిపోతోంది. అంత ఎండలో చేతులు చల్లబడ్డాయి. సంచి జారి ఉల్లిగడ్డలన్నీ కార్ల కిందికి దొర్లాయి. బిల్డింగు కాపలా చూసే హారిస్, మా రాజంపేట వైపు అతనే, పరుగెత్తుకొచ్చి నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, వంగి వంగి కార్ల కింద ఉల్లిగడ్డలు ఏరాడు. నాకు నా మీద ఎంత కోపం వచ్చిందంటే, ఇంత వయసొచ్చిన ఆడమనిషిని, ముగ్గురు మనవళ్ళున్నదాన్ని, రాలిన పండుకు భయపడి మెట్ల మీద కూలబడడమేమిటి?

మా పై అంతస్తులో గోదావరి జిల్లా నర్సమ్మాయి ఉంటుంది. నా భర్త పోయి ఆ అమ్మాయిని పిలుచుకొచ్చాడు. బీపీ చూసింది, నాడి చూసింది, అంతా బాగుందని చెప్పింది. ఏటా ఇదే నెలలో వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను. అప్పుడు తీరిగ్గా కూర్చుని, వాసనకీ జ్ఞాపకానికీ మధ్య దారి చాలా దగ్గరనీ, కన్ను చూసింది మరిచిపోయినా ముక్కు మరిచిపోదనీ, ఆ రుతువు రాగానే ఒళ్ళు తనంతట తాను భయపడుతుందనీ వివరంగా చెప్పింది. ఇవన్నీ బాగానే ఉన్నాయి, మందేమిటమ్మా అన్నాను. మందు లేదట. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చాలట, ఆరు లెక్కపెడుతూ వదలాలట. కంటికి కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోవాలట. జేబులో ఇంకో వాసనేదైనా పెట్టుకోవాలట. పారిపోకుండా రోజూ కాసేపు ఆ చెట్ల కిందే నిలబడాలట.

అన్నీ చేశాను. ఊపిరి లెక్కపెడుతుంటే నాలుగు రాకముందే లెక్క తప్పేది. ఐదు వస్తువులు చెప్పుకోమంటే చెత్తడబ్బా, చెత్తడబ్బా, చెట్టు, చెట్టు, పండు. మళ్ళీ పండు దగ్గరికే. జేబులో తలనొప్పి బామ్ పెట్టుకుంటే బామ్ వాసన, ఖర్జూరం వాసన కలిసి కొత్త వాంతి. పోయి ఆ అమ్మాయి మీదే విసుక్కున్నాను. పాపం, ఆ అమ్మాయి నవ్వి అడిగింది.

"అసలు ఆ వాసనలో ఏముందో ఎవరికైనా చెప్పారాండీ?"

చెప్పలేదు. నా భర్తకూ చెప్పలేదు, నా బిడ్డలకూ చెప్పలేదు, మా అమ్మకు అసలే చెప్పలేదు. సరే, ఆ ముచ్చట కూడా తీర్చేద్దామని ఇప్పుడు చెబుతున్నాను.

అప్పుడు నాకు పదేళ్ళు. ఇదే దేశంలో, మిష్రిఫ్‌లో ఒక పెద్ద ఇంట్లో నాయన డ్రైవరు, అమ్మ వంటమనిషి. యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలవడం అక్కడి పనివాళ్ళ అలవాటు. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి నన్ను కూడా పిలిపించుకోనిచ్చారు. ఇంటి వెనక ప్రహరీకి ఆనుకుని మాకొక గది. గదికీ వంటింటికీ మధ్య రెండు ఖర్జూరపు చెట్లు. అమ్మకు అరబీ వంటింటి వరకే వచ్చు. ఉప్పు, నీళ్ళు, కానీ అనడానికి యల్లా, అయిపోయిందనడానికి ఖలాస్, అంతే. నేను మాత్రం మామా పిల్లలతో ఆడి, పోట్లాడి, తిట్లతో సహా మొత్తం నేర్చేసుకున్నాను.

ఆ ఏడు కూడా ఎండాకాలం రాగానే బాబా వాళ్ళు చల్లటి దేశానికి పోయారు. పోతూ పోతూ రెండు పనులు అప్పజెప్పారు. ఒకటి, ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, కొత్తది కొట్టించాలి కాబట్టి మా మూడు పాస్‌పోర్టులు నాయన చేతికిచ్చారు. మామూలుగా అవి మాకు వీసా ఇచ్చిన కఫీల్ బీరువా దాటి బయటికి రావు. మా అమ్మ తన పాస్‌పోర్టును చేత్తో పట్టుకోవడం కువైట్‌కు వచ్చాక అదే మొదటిసారి. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, శుక్రవారం దేవుడి పటం ముందు పెట్టి, మూడు పుస్తకాలకూ మూడు కుంకుమ బొట్లు పెట్టింది. రెండోది, చెట్ల పండ్లు నేల పాలు కానివ్వకూడదు. కోసి, మిద్దె మీద ఆరబెట్టి, పాలపొడి డబ్బాల్లో పిడికిలితో కూరి, పొరకూ పొరకూ మధ్య సోంపు చల్లి, మూత బిగించి సామాన్ల గదిలో పెట్టాలి. మామా అత్తగారి నాటి నుంచి ఆ ఇంట్లో అదే పద్ధతి.

ఒక తెల్లవారుజామున పెద్ద చప్పుళ్ళు. నాయన ముందు మిలటరీవాళ్ళ ప్రాక్టీసు అన్నాడు. తర్వాత రేడియో పెట్టాడు. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసిందని పక్కింటి నుంచి జేజి వచ్చి చెప్పింది.

జేజి అంటే నా సొంత జేజి కాదు. పక్కింట్లో వంట చేసే రాయచోటి సాయిబుల ఆమె. కువైట్‌కు వచ్చి పాతికేళ్ళు దాటింది. బక్కపలచటి మనిషి. వక్కాకు ఎర్రటి నోరు. కొంగు చివర ఎప్పుడూ ఒక ఎండు నల్లనిమ్మకాయ ముడి వేసుకుని ఉండేది. ఇక్కడివాళ్ళు చారులో వేసే లూమి కాయ అది. తల తిరిగినా, కడుపులో తిప్పినా, వంటింట్లో చేప వాసన ఎక్కువైనా, దాన్ని గోటితో గిల్లి వాసన చూసేది. అమ్మ ఆమెను అక్కా అనేది, నేను జేజీ అనేదాన్ని. వాళ్ళ బాబా కూడా దేశంలో లేడు. ఆమె పాస్‌పోర్టు మాత్రం వాళ్ళ తిజోరీలో ఉంది, తాళంచెవి బాబాతో పాటే విమానమెక్కింది.

ఊరంతా అల్లకల్లోలమైతే మా అమ్మ ఏం చేసిందనుకున్నారు? పండ్లు కోయడానికి నిచ్చెన ఎక్కింది. ప్రపంచం తలకిందులవుతుంటే నీ ఖర్జూరాలేంది అని నాయన కిందనుంచి అరుస్తున్నాడు. మామా వచ్చి అడిగితే నువ్వు చెప్తావా సమాధానం అని అమ్మ పైనుంచి అరుస్తోంది. నాకు ఇద్దరి మీదా విసుగే. బడి లేదు, టీవీ లేదు, గేటు దాటకూడదు, కిటికీ దగ్గరికి పోకూడదు. పనల్లా డబ్బాలు తుడవడం, సోంపు చల్లడం. నా చేతులు, నా జుట్టు, నా గౌను అంతా సోంపు వాసన.

మరి అంత పని చేయిస్తే పిల్లకు తినాలనిపించదా? అన్ని డబ్బాల్లోంచి ఒక్కొక్కటి తీస్తే అన్నీ తగ్గి బయటపడుతుందని, ఒకే డబ్బాలోంచి తినాలని తీర్మానించుకున్నాను. గదిలో అన్నిటికంటే వెనక, మూలనున్న డబ్బా అయితే ఎవరి కన్నూ పడదు. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసినప్పుడల్లా పోయి నాలుగు తినేదాన్ని. పైన పిడికెడు సోంపు చల్లి సర్దేదాన్ని. వారం తిరిగేసరికి డబ్బా నాలుగు వేళ్ళు వెలితి పడింది. ఇక సోంపు కూడా కప్పలేని వెలితి. అమ్మ చూసిందంటే గరిటె విరుగుతుందని తెలుసు. ఒక్క జేజి మాత్రం నేను దగ్గరికి పోతే చాలు, ఏం పాపా, సోంపు పొలంలో పడుకున్నావా అని నవ్వేది.

నేను తినడం మొదలుపెట్టకముందే జరిగింది, నాకు తెలియనిది ఒకటుంది. ఇళ్ళు సోదా చేస్తున్నారనీ, దొరికిన పాస్‌పోర్టులు చించేస్తున్నారనీ రొట్టెల క్యూలో ఎవరో అంటే నాయన వచ్చి ఇంట్లో అన్నాడు. అదెంత నిజమో ఎవరికీ తెలియదు. అమ్మకు మాత్రం అంతే చాలు. మూడు పాస్‌పోర్టులూ అప్పడాల కవర్లో చుట్టి, దారం కట్టి, ఒక ఖాళీ డబ్బా అడుగున పెట్టి, పైన ఖర్జూరాలు కూరి, ఎవరి కన్నూ పడదని గదిలో అన్నిటికంటే వెనక, మూలన పెట్టింది. నేను ఎక్కడైతే ఎవరూ చూడరనుకున్నానో, తనూ అక్కడే అనుకుంది. ఒకే రక్తం కదా. యాడ పెట్టినావమ్మే అని నాయన ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. నిన్నెవరన్నా గద్దిస్తే కక్కేస్తావు, భద్రంగా ఉండాయిలే పో అంది. అదే క్యూలో నాయన ఇంకో మాట కూడా విని వచ్చి అన్నం తింటూ చెప్పాడు. ఇళ్ళల్లో దొంగతనం చేసిన సైనికులను వాళ్ళ ఆఫీసర్లే కాల్చేస్తున్నారట. ఆ మాట నేను బాగా విన్నాను. ఇదీ ఎంత నిజమో ఎవరికీ తెలియదు. కానీ నేను నమ్మాను.

ఇంతలో మన దేశంవాళ్ళను జోర్డాన్ దాకా తీసుకుపోవడానికి బస్సులు పెడుతున్నారనీ, పేర్లు రాసుకుంటున్నారనీ తెలిసింది. నాయన పోయి మా పేర్లు రాయించి వచ్చాడు. మూడు రోజుల్లో బస్సు. పాస్‌పోర్టు లేకపోతే సరిహద్దు దాటనివ్వరని అందరూ అనుకుంటున్నారు. జేజి కూడా వచ్చి కూర్చుని అంతా విన్నది. తిజోరీ పగలగొట్టు అక్కా అని అమ్మ అంటే, పాతికేళ్ళు ఉప్పు తిన్న ఇల్లు నేను పగలగొడతానా అని కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం నాయన రొట్టెల క్యూకి పోయాడు. అమ్మ బియ్యం బదులు తీసుకోవడానికి జేజి దగ్గరికి పోయింది. గేటు చప్పుడైంది. చూస్తే సైనికుడు. ఒక్కడే. మా పెద్దమామ కొడుకంత ఉంటాడు, మీసాలు కూడా సరిగా రాలేదు. ఒక బూటుకు లేసు లేదు, తాడు కట్టుకున్నాడు. నీళ్ళడిగాడు. గేటు సందులోంచి చెంబు అందించాను. తాగి, చెంబు వెనక్కి ఇచ్చి, తినడానికి ఏమైనా ఉందా అని మెల్లగా అడిగాడు.

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. ఆ బుర్రను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను. వెలితి డబ్బా ఇచ్చేస్తే? డబ్బా లేకపోతే వెలితీ లేదు, వెలితి లేకపోతే దెబ్బలూ లేవు. పరుగెత్తుకు పోయి మూల డబ్బా లాక్కొచ్చి, గేటు తలుపు కొంచెం తీసి అతని చేతిలో పెట్టాను. మూత తీసి వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళింట్లో కూడా ఇట్లాగే పెడతారు కాబోలు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, చెల్లెమ్మా, నీకు దేవుడు మేలు చేస్తాడు అని అరబీలో చెప్పి వెళ్ళిపోయాడు.

అమ్మ రాగానే, గేటు తీసినందుకు తిడుతుందని, సైనికుడు తోసుకుని లోపలికొచ్చి ఒక డబ్బా ఎత్తుకుపోయాడని చెప్పాను. అమ్మ ముందు నన్ను ఒళ్ళంతా తడిమి చూసింది. పోతే పోనీలే, నీకేం కాలేదు గదా అంది. ఆ తర్వాత ఆమెకేదో తట్టి, సామాన్ల గదిలోకి పోయింది. ఎంతకూ బయటికి రాలేదు. పోయి చూస్తే నేల మీద కూర్చుని ఉంది.

నాయన వచ్చాక జరిగిన యుద్ధం ముందు బయట జరిగే యుద్ధం ఏపాటిది. పాస్‌పోర్టులు ఖర్జూరాల్లో పెట్టే మనిషి లోకంలో నువ్వొక్కతివే అని నాయన, ఇఖామా ఆఫీసుకు పోయినెల్లోనే పోయుంటే ఇంత లేదు గదా అని అమ్మ. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్పడానికి అది మంచి సమయం. చెప్పలేదు. నాయన తాను పోయి అడుగుతానని చెప్పులు వేసుకున్నాడు. గొడవ విని వచ్చిన జేజి అడ్డుపడింది.

"నువ్వు పోవద్దు నాయనా. డ్రైవరని తెలిస్తే బండితో సహా నిన్ను పెట్టుకుంటారు. మేం ఆడోళ్ళం పోతాం. పాపను తీసుకురా అమ్మా, వాడి ముఖం చూసింది ఈ పాపే గదా."

అట్లా బయలుదేరాం. జేజి నల్ల అబాయా వేసుకుని ముందు, అమ్మ నిండు డబ్బా ఒకటి బదులుగా చంకన పెట్టుకుని వెనక, ఆమె చేయి పట్టుకుని నేను. సైనికులు రెండు వీధుల అవతల ఒక బడిలో దిగి ఉన్నారు. ఆ రెండు వీధులూ నేను ఎన్నటికీ మరచిపోను. ఊడ్చేవాళ్ళు లేరు, కోసేవాళ్ళు లేరు. ప్రతి ఇంటి ముందూ పండ్లు రాలి, ఎండకు పగిలి, పులిసి, కాలు పెడితే చెప్పుకు అంటుకుంటున్నాయి. మిష్రిఫ్ మొత్తం అదే వాసన. ఊపిరి పీల్చాలంటే ఆ వాసనే పీల్చాలి. దాంట్లో నా ఒంటి మీది సోంపు వాసన కూడా కలిసింది.

బడి వరండాలో ఒక ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జేజి సలాం చేసి, జరిగింది చెప్పింది. ఇంట్లోకి వచ్చి ఎత్తుకుపోయారట అన్న మాట దగ్గర ఆఫీసరు లేచి నిలబడ్డాడు. ఎవరినో కేకేశాడు. అతన్ని పట్టుకొచ్చారు. చంకలో మా డబ్బా ఉంది, సగం అయిపోయింది. నలుగురూ పంచుకుని తిన్నట్టున్నారు. ఆఫీసరు డబ్బాలో చెయ్యి పెట్టి కెలికి, పాకం కారుతున్న అప్పడాల కవరు బయటికి తీసి, ఇదేనా అన్నట్టు అమ్మ ముందు పడేశాడు. అమ్మ అక్కడే చతికిలబడి, కవరు విప్పి, మూడు పుస్తకాలనూ పేజీ పేజీ కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఇక ఆమెకు లోకం తెలియదు.

ఆఫీసరు అతని కాలర్ పట్టుకున్నాడు. కొంపల్లో దూరి దోచుకుంటున్నావా అన్నాడు. నేను దూరలేదు సార్, ఆ పాపే ఇచ్చింది, అడగండి అని అతను అన్నాడు. నాకు అరబీ అర్థమవుతుందని ఆఫీసరుకు తెలియదు. ఆఫీసరు జేజితో, ఆ పిల్లను అడుగు అన్నాడు. రెండో చెయ్యి నడుముకున్న తుపాకీ మీద ఉంది. ఊరికే పెట్టాడో, ఎందుకు పెట్టాడో.

జేజి నా ముందు వంగింది.

"పాపా, నువ్విచ్చినావా, వాడు తీసుకున్నాడా?"

నాయన అన్నం తింటూ చెప్పిన మాట నాకు గుర్తుంది. బాగా గుర్తుంది. కానీ అమ్మ రెండడుగుల దూరంలో కూర్చుని ఉంది. తెలుగు ఆమెకు వినబడుతుంది. గరిటె, గేటు, వెలితి డబ్బా, చెప్పిన అబద్ధం, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పదేళ్ళ పిల్లకు మనిషి ప్రాణం కంటే అమ్మ గరిటె దగ్గరగా కనబడుతుంది. అంతకంటే నా తరఫున చెప్పుకోవడానికేమీ లేదు.

"తీసుకున్నాడు" అన్నాను.

జేజి వెంటనే లేవలేదు. ఇంకొంచెం దగ్గరికి వంగింది. ఆమె ముక్కు నా నోటికి జానెడు దూరంలో ఉంది. నా ఊపిరిలో సోంపు వాసన ఆమెకు తెలిసింది. తెలిసినట్టు నాకూ తెలిసింది. ఆమె లేచి, ఆఫీసరు వైపు తిరిగి, అరబీలో చెప్పింది.

"తనే ఇచ్చానంటోంది సార్. గుమ్మంలోకి వచ్చి అడిగిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదని ఇచ్చిందట. తల్లి తిడుతుందని ఇంట్లో వేరేగా చెప్పిందట. చిన్నపిల్ల, వదిలేయండి."

ఆఫీసరు నన్ను ఎగాదిగా చూశాడు. కాలర్ వదిలేశాడు. ఆ కుర్రాడు చొక్కా సరిచేసుకున్నాడు. నా వైపు చూశాడు. నేను చెప్పని మాటకు కృతజ్ఞతగా, మళ్ళీ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే ఆ పులిసిన పండ్ల మధ్య నాకు ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని కక్కుకున్నాను. అమ్మ పాస్‌పోర్టులు రవికెలో దోపుకుని, బదులు తెచ్చిన డబ్బా ఆ గొడవలో ఇవ్వకుండానే చంకలో వెనక్కి తెస్తూ, ఎండదెబ్బ, ఎండదెబ్బ అంటోంది. జేజి కొంగు ముడి విప్పి నల్లనిమ్మకాయను గోటితో చీల్చి నా ముక్కు కింద పెట్టింది. పీల్చు, ఇదేం వాసన చెప్పు అంది. పులుపు అన్నాను. ఇంకేం అంది. చేదు అన్నాను. ఇంకా అంది. ఏడుపొచ్చింది. అమ్మ నాలుగడుగులు ముందుకు పోయాక నెమ్మదిగా ఒక్క మాటే అంది.

"ఎప్పుడన్నా చెప్పాలనిపిస్తే మీయమ్మకు చెప్పుకో బేటీ. కొడితే రెండు దెబ్బలు కొడుతుంది, అంతే గదా."

బస్సు రోజు జేజి గేటు దాకా వచ్చింది. దారిలో పనికొస్తాయని ఒక సంచి నిండా లూమి కాయలు అమ్మ చేతికిచ్చింది. అమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చింది. నాయన కూడా ఏడ్చాడు. నేను అమ్మ కుచ్చిళ్ళలో ముఖం దాచుకున్నాను. పిల్ల బెంగ పడిందని అందరూ అనుకున్నారు. ముఖం చూపించడానికి సిగ్గుపడ్డానని ఆమెకొక్కదానికే తెలుసు. మేము ఎడారిలో గుడారాల్లో పడుకుని, విమానమెక్కి, ఊరు చేరాం. తిజోరీలో కాగితమున్న జేజి అక్కడే ఉండిపోయింది.

ఇక అక్కడి నుంచి మొదలైంది నా అసలు శిక్ష. మా అమ్మకు ఆ కథ చెప్పడమంటే ఎంత ఇష్టమో. పెళ్ళిలో, పేరంటంలో, బావి దగ్గర, బస్టాండులో. చెప్పిన ప్రతిసారీ సైనికుడు పెరిగేవాడు. ముందు ఒక్కడు, తర్వాత ముగ్గురు, నా పెళ్ళినాటికి తుపాకులతో ఐదుగురు. తలుపులు బద్దలుకొట్టి డబ్బాలు దోచుకుపోయారు. పాపం మా పాప ఎదురు నిలబడింది. ఆఖర్న జేజి సంగతి. ఆ మహాతల్లి వాళ్ళ భాషలో ఏం చెప్పి బతిమాలిందో, ఆ దొంగనాయాలిని కూడా వదిలిపెట్టించింది, అంత జాలిగుండె అనేది. చెప్పి, నా వైపు తిరిగి, కాదామ్మే అనేది. నేను తల ఊపాలి. పదిమందిలో ఎన్నిసార్లు తల ఊపానో. జేజి బతిమాలలేదమ్మా, ఉన్న నిజం చెప్పింది, అబద్ధం నేను చెప్పాను అనడానికి ప్రతిసారీ నోరు తెరిచి, ప్రతిసారీ మూసుకున్నాను. రెండు దెబ్బలు తినే వయసు దాటిపోయాక చెప్పడం ఇంకా కష్టమైంది. మా అమ్మ అదే కథతో వెళ్ళిపోయింది.

జేజి యుద్ధం అయిపోయాక ఎప్పటికో రాయచోటికి చేరిందని విన్నాం. కూతురింట్లో ఉందని, కళ్ళు కనబడడం లేదని, ఎవరైనా కువైట్ నుంచి వచ్చారంటే మాట్లాడడానికి ఆశపడుతుందని. పోదాం అని అమ్మ ఎన్నిసార్లు అన్నదో. నాకు ఆ రోజే తలనొప్పి వచ్చేది. తర్వాత నా భర్త వెంట మళ్ళీ ఈ కువైట్‌కే వచ్చిపడ్డాను. ఆమె పోయిందన్న కబురు కూడా ఆగస్టులోనే వచ్చింది.

ఇదంతా నర్సమ్మాయికి చెబితే, టీ చల్లారిపోయేదాకా విని, ఇప్పుడెలా ఉందండీ అంది. ఎట్లా ఉంటుంది, ఏమీ లేదు, ఇంకా ఎక్కువైంది అని విసుక్కున్నాను. మరి ఆ జేజి అడిగినదానికి మీరింకా అసలు జవాబు చెప్పలేదు కదండీ అంది, కప్పులు తీసుకుపోతూ.

మర్నాడు సాయంత్రం లూమి కాయ ఒకటి జేబులో వేసుకుని కిందికి దిగాను. ఆ రెండు చెట్ల కింద నిలబడ్డాను. యథాప్రకారం గుండె దడదడ. కాయను గిల్లి వాసన చూశాను. పులుపు, చేదు. పండ్లు కాళ్ళ కింద చితుకుతున్నాయి. ఒక ఇంటి ఇల్లాలు, నలభై మందికి అన్నం పెట్టే మనిషి, చెత్తడబ్బాల పక్కన నిలబడి గాలితో మాట్లాడితే చూసినవాళ్ళేమనుకుంటారో అనిపించింది. ఏమన్నా అనుకోనీ.

"నేనే ఇచ్చినా జేజీ" అన్నాను, పైకే.

హారిస్ ఆ పక్కనే రాలిన పండ్లు ఊడుస్తున్నాడు. చీపురు ఆపి తలెత్తాడు.

"ఏం ఇచ్చినావమ్మా? ఎవరికి?"

"ఖర్జూరాలు. ఆకలేస్తాందని ఒక పిల్లోడు అడిగితే."

"ఓ, అంతేనా" అని అతను మళ్ళీ ఊడవడంలో పడ్డాడు.

వాసన పోలేదు. రేపు కూడా ఉంటుంది, వచ్చే ఏడు కూడా వస్తుంది. చేతులు మాత్రం కాసేపటికి వెచ్చబడ్డాయి. అయినా నాకు కోపం పోలేదు. ఒక్క మాట. అది చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు, ఇంత సముద్రం, ఇన్ని చెట్లు కావలసి వచ్చాయి. మా ఊరి నుంచి రాయచోటికి బస్సులో గంట ప్రయాణం.